ఆడపిల్లకి ఆస్తి లేదని శాస్త్రంలోనే ఉందా? పాత ధర్మశాస్త్రాలు చదివినోళ్ళు చెప్పండి

హంద్రీగాలి (కర్నూలు)

అందరికీ నమస్తే. మా పెదనాయన వాళ్ళింట్లో భాగాలు పంచుకుంటా ఉన్నారు, పత్తికొండ పక్కన మెట్ట పొలం, పెద్ద ఆస్తేం కాదు. అక్కలిద్దర్నీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పిలిచి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమన్నారు, పెద్దక్క "ఎందుకు పెట్టాలి" అని ఒక్క మాట అడిగింది, ఇంక చూడండి రచ్చ. దూరపు చుట్టం ఒకాయన "పితా రక్షతి కౌమారే" అని శ్లోకం మొత్తం చదివి, మన శాస్త్రంలోనే ఆడదానికి స్వాతంత్ర్యమూ లేదు ఆస్తీ లేదు, ఇదంతా ఎన్టీఆర్ తెచ్చిన చట్టంతో మొదలైన గొడవ అనేసినాడు. ఇప్పటి చట్టం నాకు కొంచెం తెలుసు, నేనడిగేది అది కాదు. మనువు, యాజ్ఞవల్క్యుడు వీళ్ళంతా ఆడోళ్ళ ఆస్తి గురించి నిజంగా ఏం రాసినారు? ఆ శ్లోకం ఉన్నదేనా లేక వాట్సాప్ శ్లోకమా? చదివినోళ్ళుంటే వివరంగా చెప్పండి, తిట్లు మాత్రం వద్దు.

కడపకారం (కడప)

శ్లోకం ఉంది అక్కా, మనుస్మృతి 9వ అధ్యాయం 3వ శ్లోకం. చిన్నప్పుడు నాయన, వయసులో మొగుడు, ముసలితనంలో కొడుకులు కాపాడతారు, ఆడది స్వతంత్రంగా ఉండదగదు అని. 5వ అధ్యాయంలో కూడా ఇంచుమించు ఇదే మాట ఇంకోసారి ఉంది. అంతేనా, 8వ అధ్యాయం 299, 300 చూడు, పెళ్ళాం, కొడుకు, దాసుడు, శిష్యుడు, తమ్ముడు తప్పు చేస్తే తాడుతోనో వెదురుబద్దతోనో కొట్టొచ్చంట, వీపు మీదే కొట్టాలంట తల మీద కొట్టకూడదంట, ఎంత దయో చూడండి.

ఇంకొకటి 9.81. పిల్లలు పుట్టకపోతే ఎనిమిదో ఏట, పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతాంటే పదో ఏట, అందరూ ఆడపిల్లలే అయితే పదకొండో ఏట ఇంకో పెళ్ళి చేసుకోవచ్చు. ఎదురు మాట్లాడే పెళ్ళానికైతే గడువే లేదు, అప్పటికప్పుడే. ఆ లెక్కన మా నాయన రోజుకొక పెళ్ళి చేసుకోవాల్సి వచ్చేది. ఇంకేం చదవాల సామీ ఇందులో, ఆ పెద్దాయన చెప్పింది కరెక్టే, ఆ పుస్తకమే తప్పు.

రిటైర్డ్ పంతులు (అనంతపురం)

కడపకారం గారు చెప్పిన శ్లోకాలు ఉన్నవే, కానీ అక్కడే ఆగితే సగం కథే తెలుస్తుంది. ధర్మశాస్త్రం అంటే ఒక్క పుస్తకం కాదు, అసెంబ్లీలో పాసైన చట్టం అసలే కాదు. మనుస్మృతి క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 200 మధ్యలో తయారైందని పండితుల అంచనా, యాజ్ఞవల్క్య స్మృతి దాని తర్వాత, నారదుడు, బృహస్పతి, కాత్యాయనుడు ఇంకా తర్వాత, ఆ పైన వందల ఏళ్ళ వ్యాఖ్యానాలు. ఒకరి మాట ఇంకొకరు కొట్టేస్తుంటారు.

మనువు 9వ అధ్యాయమే తీసుకోండి. 118లో అన్నదమ్ములు తమ తమ భాగాల్లోంచి నాలుగో వంతు తీసి పెళ్ళికాని అక్కచెల్లెళ్ళకి ఇవ్వాలి, ఇవ్వనివాళ్ళు పతితులు అని ఉంది. 130లో కొడుకు తనతో సమానం, కూతురు కొడుకుతో సమానం, ఆమె ఉండగా ఆస్తి ఇంకొకడు ఎట్లా పట్టుకుపోతాడు అంటాడు, ఇది కొడుకుల్లేని ఇంటి సంగతి. 194లో స్త్రీధనం, అంటే ఆడదాని సొంత సొత్తు, ఆరు రకాలు చెప్తాడు. పెళ్ళిలో అగ్ని ముందు ఇచ్చింది, అత్తారింటికి సాగనంపేటప్పుడు ఇచ్చింది, ప్రేమకొద్దీ ఇచ్చింది, అన్నదమ్ములు ఇచ్చింది, తల్లి ఇచ్చింది, తండ్రి ఇచ్చింది. 8.29లో బతికున్న ఆడవాళ్ళ సొత్తు లాక్కున్న చుట్టాలకి రాజు దొంగలకి వేసే శిక్షే వేయాలి అని కూడా ఉంది. ఆ పెద్దాయనకి 9.3 నోటికి వచ్చింది కానీ 9.118 రాలేదన్నమాట, అదే అధ్యాయం.

అయితే అదే మనువు 8.416లో భార్య, కొడుకు, దాసుడు ముగ్గురికీ సొంత ధనం లేదు, వాళ్ళు సంపాదించింది యజమానిదే అంటాడు. రెండు రకాల మాటలూ ఒకే పుస్తకంలో ఉంటాయి, ఎవరికి కావాల్సింది వాళ్ళు చదువుకుంటారు.

అసలు పెద్ద తేడా కొడుకుల్లేని మొగుడు పోయినప్పుడు వస్తుంది. మనువు 9.185లో ఆస్తి తండ్రికి లేదా అన్నదమ్ములకి పోతుంది, పెళ్ళాం పేరే లేదు. యాజ్ఞవల్క్యుడు 2.135లో "పత్నీ దుహితరశ్చైవ" అని మొదలుపెడతాడు, ముందు భార్య, తర్వాత కూతుళ్ళు, ఆ తర్వాతే తల్లిదండ్రులు, అన్నదమ్ములు. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. కాళిదాసు శాకుంతలంలో ఆరో అంకం గుర్తుందా, ధనమిత్రుడనే వర్తకుడు ఓడ మునిగి చచ్చిపోతాడు, సంతానం లేదు, ఆస్తి రాజుకి చెందుతుందని మంత్రి కాగితం పంపుతాడు. దుష్యంతుడు అతని భార్యల్లో ఎవరైనా గర్భంతో ఉన్నారేమో కనుక్కోమంటాడు. కడుపులో బిడ్డ ఉంటే ఆ బిడ్డకి, లేకపోతే ఖజానాకి. అన్ని కోట్లున్న వర్తకుడి పెళ్ళాలకి ఆస్తి ఇవ్వాలని ఆ సీన్లో ఎవరికీ తోచదు చూడండి.

బురుజు బాబాయ్ (కర్నూలు)

పంతులు గారూ బాగా చెప్పారు కానీ మీరు కూడా స్మృతుల దగ్గరే మొదలుపెట్టారు. అసలు వేదకాలంలో ఆడవాళ్ళు ఋషులు, ఘోష, లోపాముద్ర, అపాల, విశ్వవార వీళ్ళంతా మంత్రద్రష్టలు. గార్గి నిండు సభలో యాజ్ఞవల్క్యుడిని నిలదీసింది. "యత్ర నార్యస్తు పూజ్యంతే" అన్నది కూడా మనువే, 3.56. దండయాత్రలు వచ్చినాక ఆడపిల్లల్ని కాపాడుకోడానికి కట్టుబాట్లు పెట్టుకున్నారు, తర్వాత ఇంగ్లీషోడు వచ్చి మొత్తం చెడగొట్టినాడు. మన ధర్మాన్ని తిట్టేముందు ఇవన్నీ చూడాల కదా.

పెన్నేటి ఎండ (ధర్మవరం)

బాబాయ్, మైత్రేయి కథ మీరే చెప్తారనుకున్న్యా, చెప్పల్యా. యాజ్ఞవల్క్యుడు ఇల్లిడిసి పోతాంటే మైత్రేయికి కాత్యాయనికి ఆస్తి పంచి పోతానంటాడు. అంటే ఇద్దరు పెళ్ళాలకి మొగుడు బతికుండంగనే భాగం పెట్టొచ్చు అనే ఆలోచన ఉండాది. అది మంచిదే, ఒప్పుకుంటా. కానీ పంచేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు? ఆయనకి బుద్ధి పుట్టింది కాబట్టి పంచినాడు.

ద్రౌపది అడిగింది చూడండి, అదీ లా పాయింట్ అంటే. ముందు తనని తాను ఓడిపోయినోడికి నన్ను పణంగా పెట్టే హక్కు యాడిది అని. కౌరవ అన్నదమ్ముల్లో వికర్ణుడొక్కడు ఆమె పక్క మాట్లాడినాడు, భీష్ముడంతటోడు ధర్మం సూక్ష్మం అని నీళ్ళు నమిలినాడు. ఆ ప్రశ్నకి ఈరోజుటికీ జవాబు ల్యా.

పూజ్యంతే పూజ్యంతే అని మా ధర్మవరం చీరల అంగట్లో కూడా రాసి పెట్టినారు. మగ్గం కాడ మొగుడితో సమానంగా కూచుని ఆసు పోసేది, కండెలు చుట్టేది ఆడమనిషి, కూలి లెక్క మాత్రం మొగోడి పేరు మీద పడతాది. పంతులు సార్ చెప్పిన 8.416 పుస్తకంలో చదవాల్సిన పనే ల్యా మాకు.

రిటైర్డ్ పంతులు (అనంతపురం)

బాబాయ్ గారూ, దండయాత్రల వాదన నిలబడదండి. మన దగ్గర ఎక్కువమంది వైదికులది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. ఆ తైత్తిరీయ సంహితలోనే "తస్మాత్ స్త్రియో నిరింద్రియా అదాయాదీః" అని ఉంది, ఆడవాళ్ళు బలం లేనివాళ్ళు కాబట్టి వాళ్ళకి భాగం లేదు అని. సందర్భం యజ్ఞంలో సోమరసం భాగం గురించి, కానీ బౌధాయన ధర్మసూత్రం దాన్ని పట్టుకొచ్చి ఆస్తికి వర్తింపజేసింది. ఘోరీ, గజనీ పుట్టడానికి వెయ్యేళ్ళ ముందు మాట ఇది.

పెన్నేటి ఎండ గారు కూలి డబ్బు సంగతి చెప్పారు కాబట్టి, కాత్యాయనుడు దీన్ని ఇంకా విప్పి చెప్పాడు. పుట్టింటివాళ్ళు, భర్త ప్రేమతో ఇచ్చింది సౌదాయికం, దాన్ని ఆమె అమ్ముకోవచ్చు, దానం చేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. భర్త ఇచ్చిన భూమి మాత్రం అమ్మకూడదు. చేతిపని చేసి సంపాదించిందీ బయటివాళ్ళు ఇచ్చిందీ భర్త అజమాయిషీ కింద ఉంటుంది. అంటే ఒకరు ఇస్తే పుచ్చుకున్నది ఆమెది, చెమటోడ్చి సంపాదించింది ఆయనది. నాకు ధర్మశాస్త్రాలంటే గౌరవమే, జీవితమంతా వాటితోనే గడిపాను, కానీ ఈ ఒక్క చోట ఎంత చదివినా మనసొప్పదు.

నల్లకోటు (కర్నూలు)

నేను కోర్టు వైపు నుంచి చెప్తాను, సంస్కృతం రాదు, కానీ ఈ శ్లోకాలు జడ్జిమెంట్లలో చాలా చదివాను.

ఇంగ్లీషోడు చెడగొట్టాడు అనేది పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజం కూడా కాదు. 1772లో వారన్ హేస్టింగ్స్ హిందువులకి శాస్త్రం ప్రకారం, ముస్లింలకి ఖురాన్ ప్రకారం తీర్పులు అని ఏర్పాటు చేశాడు. 1794లో విలియం జోన్స్ మనుస్మృతి ఇంగ్లీషులోకి తెచ్చాడు, 1810లో కోల్‌బ్రూక్ మితాక్షర (యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యానం), దాయభాగం (ఆస్తి పంపకాల గ్రంథం) వారసత్వ భాగాలు తెచ్చాడు. జడ్జీ దొరకి సంస్కృతం రాదు, ఊళ్ళో ఏం నడుస్తోందో తెలీదు, ముందు ఈ పుస్తకాలున్నాయి. బెంగాల్లో జీమూతవాహనుడి దాయభాగం, మిగతా దేశంలో చాలాచోట్ల మితాక్షర. మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు మనకి దగ్గరోడే, కల్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి ఆస్థానం, అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణం. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కూడా.

విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యుడి స్త్రీధనం జాబితాని బాగా సాగదీశాడు, వారసత్వంగా వచ్చింది, కొన్నది, పంపకంలో వచ్చింది, దొరికింది అన్నీ స్త్రీధనమే అన్నాడు. ఆ మాట అట్లే నిలబడి ఉంటే 900 ఏళ్ళ కిందటే ఆడవాళ్ళ వారసత్వపు ఆస్తి వాళ్ళ సొంతమయ్యేది. కానీ 1867లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో లండన్‌లో ఉండే చివరి అప్పీలు కోర్టు, భర్త నుంచి భార్యకి వచ్చిన ఆస్తి స్త్రీధనం కాదు, ఆమె బతికినన్నాళ్ళు అనుభవించాల్సిందే, తర్వాత మొగుడి వారసులకి పోతుంది అని తేల్చింది. మితాక్షర కంటే ఇంగ్లీషు కోర్టే ఇరుకుగా చెప్పిందన్నమాట.

బాబాయ్ గారు సంబరపడకండి, మితాక్షరలోనూ ఒక మెలిక ఉంది. భార్యకి వారసత్వం ఎప్పుడంటే మొగుడు అన్నదమ్ములతో వేరుపడి ఉంటేనే. ఉమ్మడిలో ఉండగా పోతే ఆయన భాగం మిగతా మొగోళ్ళలో కలిసిపోతుంది, ఆమెకి మనోవర్తి తప్ప ఏమీ రాదు. మన పల్లెల్లో ఎవరు వేరుపడి ఉండేవాళ్ళు చెప్పండి? దాదాపు అందరిదీ ఉమ్మడే. పుస్తకంలో వరసలో మొదటి పేరు పెళ్ళానిదే, చేతికొచ్చేది తిండి గింజలు, ఏడాదికి రెండు చీరలు.

గండికోట గడప (జమ్మలమడుగు)

శాస్త్రం శాస్త్రం అంటున్నారు, మా వైపు ఎవరూ శాస్త్రం అడగలేదబ్బా. మా జేజినాయన ఇల్లటం అల్లుడు. మా జేజి వాళ్ళ నాయనకి మొగపిల్లలు లేరు, పక్కూరి నుంచి పిల్లోడిని తెచ్చి, కూతుర్నిచ్చి, ఇంట్లో పెట్టుకుని, సేద్యం అప్పజెప్పినాడు. తర్వాత రెండో పెళ్ళి చేసుకుంటే కొడుకు పుట్టినాడు, అయినా ఇల్లటం అల్లుడికి సమానభాగం ఇచ్చినారు. ఇది ఏ స్మృతిలో ఉందో నాకు తెలీదు, ఊరికంతా తెలుసు.

నల్లకోటు (కర్నూలు)

గండికోట గారూ మీరు చెప్పింది చాలా ముఖ్యమైన పాయింట్. 1868లో రామనాథపురం జమీందారీ కేసులో ప్రివీ కౌన్సిల్ ఆచారం ఉందని గట్టిగా రుజువైతే అది శాస్త్రవాక్యం కంటే ఎక్కువ అని చెప్పింది. ఆ దారిలోనే 1880ల్లో మద్రాసు హైకోర్టు బళ్ళారి, కర్నూలు వైపు రెడ్ల కేసుల్లో ఇల్లటాన్ని ఆచారంగా గుర్తించింది. ఇల్లటం దత్తత కాదు, అల్లుడికి తన పుట్టింటి హక్కు పోదు, తర్వాత మామకి కొడుకు పుట్టినా సమానభాగం వస్తుంది. దత్తత అయితే పుట్టింటి హక్కు పోతుంది, అదీ తేడా. కాకపోతే మాట ఇచ్చి తెచ్చుకున్నట్టు రుజువు ఉండాలి, ఊరికే అత్తారింట్లో ఉండిపోయిన అల్లుడికి ఏమీ రాదు.

పెన్నేటి ఎండ (ధర్మవరం)

ఒక్క నిమిషం గండికోట అన్నా. పొలం ఎవురి పేరు మీద పడింది, మీ జేజి పేరు మీదనా జేజినాయన పేరు మీదనా?

గండికోట గడప (జమ్మలమడుగు)

జేజినాయన పేరు మీదే.

పెన్నేటి ఎండ (ధర్మవరం)

అదే చెప్తాండా. కూతురు ఉండంగా ఆస్తి యాడికీ పోకూడదని ఇంత చేసి, చివరికి పట్టా యాడనుంచో వచ్చిన మొగోడి పేరు మీద. పంతులు సార్ చెప్పిన 9.130 కూడా అంతే కదా, కూతురిని పుత్రిక అని పెట్టుకుంటే ఆమెకి పుట్టిన కొడుకు తాతకి పిండం పెట్టి ఆస్తి తీసుకుంటాడు. ఆమె మధ్యలో కాలవ మాదిరి, నీళ్ళు పోతాంటాయి కాలవకి మిగలవు.

మా వైపు కూతురే స్వయంగా కొడుకు లెక్క అయిన ఆచారం ఒకటి ఉండేది, చెప్పడానికి ఎవరికీ నోరు రాదు, నేను చెప్తా. బసివి. బళ్ళారి, అనంతపురం, కర్నూలు వైపు మొగపిల్లలు లేని ఇండ్లల్లో ఒక కూతుర్ని గుళ్ళో దేవుడికి ఇడిసేవాళ్ళు, ఆ పిల్ల పుట్టింట్లోనే ఉండి కొడుకు మాదిరి ఆస్తి తీసుకునేది, తల్లిదండ్రుల కర్మ కూడా చేసేది, ఆమె పిల్లలు ఆ ఇంటిపేరుతోనే ఉండేవాళ్ళు. అంటే ఆడదానికి కొడుకు భాగం పూర్తిగా రావాలంటే ఆ ఊర్లో ఉండే దారి ఇది, పెళ్ళనేదే ల్యాకుండా ఒళ్ళు ఊరికి అప్పజెప్పడం. ఎక్కువగా బీదోళ్ళ, తక్కువ కులమన్నోళ్ళ ఇండ్లల్లోనే. 1988లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. ఇది ఆడోళ్ళ హక్కు అని గొప్పగా రాసినోళ్ళని చూసినా, ఇది ఆచారం కాదని కప్పెట్టినోళ్ళనీ చూసినా. రెండూ నాకు సమ్మతం ల్యా.

మోడరేటర్

పైన కులాల పేర్లు పెట్టి తిట్టుకున్న రెండు పోస్టులు తీసేశాం. విషయం మీద మాట్లాడండి.

కడపకారం (కడప)

సరే ఆస్తి సంగతి పక్కన పెడదాం, సతి గురించి ఎవరూ మాట్లాడరేం? మా వైపు పల్లెల్లో పేరంటాలమ్మ గుళ్ళు ఉన్నాయి, మొగుడితో పాటు మంటల్లోకి పోయిన ఆడమనిషిని దేవతని చేసి పసుపు కుంకుమ పెట్టి పొంగళ్ళు పెడతారు. మా ఊరి గుళ్ళో రాయి మీద చెయ్యి ఒకటి పైకెత్తి ఉంటాది, మోచేతి దాకా గాజులు చెక్కినారు, చిన్నప్పుడు దాన్ని చూస్తే భయం. అది కూడా శాస్త్రమేనా పంతులు సార్?

రిటైర్డ్ పంతులు (అనంతపురం)

మనుస్మృతిలో సతి లేదు. భర్త పోయినాక ఆమె పూలు, దుంపలు, పండ్లు తిని దేహాన్ని శుష్కింపజేసుకుని బ్రహ్మచర్యంతో ఉండాలి అని ఉంది, 5.157. అదీ కఠినమే, కానీ బతికుండమనే చెప్తాడు. తర్వాతి స్మృతుల్లో, పురాణాల్లో సహగమనాన్ని మెచ్చుకునే మాటలు వచ్చాయి. అయినా మనువుకి పాత వ్యాఖ్యాత మేధాతిథి దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు, శత్రువుని చంపడానికి చేసే శ్యేనయాగం లాంటిదే ఇది, శాస్త్రంలో ఎక్కడో కనిపించినంత మాత్రాన ధర్మం అయిపోదు అన్నాడు. గవర్నర్ జనరల్ బెంటింక్ 1829లో నిషేధించడానికి దాదాపు వెయ్యేళ్ళ ముందే మన పండితుల్లోనే ఈ వాదం జరిగింది. బాబాయ్ గారూ, మన ధర్మంలో గర్వపడాల్సింది ఉంటే ఇట్లాంటి చోట ఉంది, ఆ 3.56 శ్లోకంలో కంటే.

వితంతువుల పెళ్ళి కూడా అంతే. నారద, పరాశర స్మృతులు రెంటిలోనూ "నష్టే మృతే ప్రవ్రజితే" శ్లోకం ఉంది, భర్త జాడ లేకుండా పోయినా, చనిపోయినా, సన్యాసం పుచ్చుకున్నా, నపుంసకుడైనా, పతితుడైనా ఈ ఐదు ఆపదల్లో ఆడవాళ్ళకి ఇంకో భర్త ఉండొచ్చు అని. విద్యాసాగర్ ఈ శ్లోకం పట్టుకునే 1856 చట్టం కోసం వాదించాడు, మన వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో మొదటి పెళ్ళి చేయించారు. కౌటిల్యుడైతే ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ద్వేషం ఉంటే విడిపోవచ్చు అని కూడా రాశాడు, బ్రాహ్మం లాంటి ధర్మవివాహాలకి మాత్రం ఆ వీలు లేదు.

గండికోట గడప (జమ్మలమడుగు)

మారుమనువు మా జనాల్లో ఎప్పుడూ ఉండేదే కదా సార్, దానికి వీరేశలింగం గారు రావాల్సిన పని లేదు. ఓలి (పిల్లకి కట్టే సొమ్ము) ఇచ్చి పిల్లని తెచ్చుకునేది, మొగుడు పోతే ఇంకొకరితో కలిపేది, కులపెద్దలు కూచుని తేల్చేవాళ్ళు. పెద్ద కులాల రూలుని అందరి రూలు అని పుస్తకాలెక్కించినారు.

నల్లకోటు (కర్నూలు)

కరెక్ట్. దీంట్లో ఇంకో అన్యాయం చూడండి, 1856 చట్టం 2వ సెక్షన్ ప్రకారం మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుకి మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుంది. ముందునుంచీ మారుమనువు ఉన్న కులాలకి కూడా ఇది వర్తిస్తుందా లేదా అని హైకోర్టులు తలా ఒక మాట చెప్పాయి. మేలు చేద్దామని తెచ్చిన చట్టం కొందరికి ఉన్నది కూడా లాక్కుంది.

హంద్రీగాలి (కర్నూలు)

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఒక డౌట్. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద పొలం ఇస్తారు కదా మన దగ్గర, అది స్త్రీధనం కిందికే వస్తుందా? నల్లకోటు మేడమ్, పాత లా నుంచి ఇప్పటిదానికి ఎట్లా వచ్చిందో అది కూడా రెండు ముక్కలు చెప్పండి, అక్కకి చూపిస్తా.

నల్లకోటు (కర్నూలు)

పసుపు కుంకుమ పొలం పక్కా స్త్రీధనమే, మనువు ఆరు రకాల్లోనే పడుతుంది. కానీ నోటిమాటతో ఇచ్చి, పట్టాదారు పాసుపుస్తకం నాయన పేరు మీదే ఉంచేసి, ఇరవై ఏళ్ళు కౌలు గింజలు కూతురికి పంపితే చాలదు. భూమి దానం ఇవ్వాలంటే రిజిస్టర్ దస్తావేజు ఉండాలి, ఇద్దరు సాక్షులుండాలి, అది ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్. నాయన పోయినాక అన్నదమ్ములు అడంగల్ (ఊరి భూముల రికార్డు) కాపీ తెచ్చి చూపించి "నీ పేరు యాడుంది" అంటారు, ఇట్లాంటి కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఇప్పటి చట్టం సంగతి. 1937లో భర్త భాగంలో వితంతువుకి హక్కు ఇచ్చారు, కానీ బతికినన్నాళ్ళే, అమ్మకూడదు. 1956 వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ పరిమితి తీసేసి పూర్తి హక్కు చేసింది. దీని మీద సుప్రీంకోర్టు 1977లో ఇచ్చిన తులసమ్మ కేసు మన నెల్లూరు వైపుది. ఆమె భర్త 1931లో ఉమ్మడిలో ఉండగా పోయాడు, మనోవర్తి కోసం కోర్టుకెక్కింది, 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి బతికినన్నాళ్ళు అనుభవించమని ఇచ్చారు. ఆమె తర్వాత అందులో కొంత అమ్మింది, మరిది అమ్మే హక్కు నీకు లేదన్నాడు. సుప్రీంకోర్టు ఏమందంటే, హిందూ స్త్రీకి మనోవర్తి హక్కు పాత శాస్త్రం నుంచే ఉంది, ఎవరో దయతో ఇచ్చింది కాదు, దాని బదులు వచ్చిన ఆస్తి 1956 తర్వాత పూర్తిగా ఆమెదే అని. ఆడదానికి ఏమీ లేదని చదివే శాస్త్రంలోంచే ఆమె గెలిచింది, ఆ పెద్దాయనకి ఈ కేసు కూడా చెప్పండి.

ఇంక ఎన్టీఆర్ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం పెళ్ళయినవాళ్ళకీ ఇచ్చింది. ఆ రోజుకి నాయన బతికుండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే పక్కాగా పంపకాలు అయిపోయుంటే మాత్రం కదపలేరు. హక్కు విడుదల పత్రం ఇష్టం లేకపోతే పెట్టొద్దు, పెట్టినాక మోసం జరిగిందని రుజువు చేయడం చాలా కష్టం.

బురుజు బాబాయ్ (కర్నూలు)

చట్టం ఎంత చెప్పినా అన్నదమ్ములతో కోర్టుకి పోతే ఆడపిల్లకి పుట్టిల్లు ఉండదు. రేపు ఒడిబియ్యం ఎవరు పోస్తారు? నేను ధర్మం గురించే మాట్లాడుతున్నా, ఆస్తి గురించి కాదు.

పెన్నేటి ఎండ (ధర్మవరం)

అయిదు కిలోల ఒడిబియ్యానికి అయిదెకరాలు ఇడిసిపెట్టమంటారా బాబాయ్. ధర్మమే కావాలంటే 9.118 ఉండాది కదా, నాలుగో వంతు ఇయ్యని అన్నదమ్ములు పతితులని. పోయి వాళ్ళకి చదివి వినిపించండి.

పంతులు సార్, నాకొక డౌట్. బంగారం సంగతి ఏం రాసినారు? మా వైపు బోరు వేయాలంటే మొదట బ్యాంకుకి పోయేది పెళ్ళాం మెడలో గొలుసు.

రిటైర్డ్ పంతులు (అనంతపురం)

యాజ్ఞవల్క్యుడు 2.147లో దీన్నే చెప్పాడు. కరువులో, ధర్మకార్యానికి, రోగంలో, బందీగా పట్టుబడినప్పుడు, ఈ నాలుగు సందర్భాల్లో భార్య స్త్రీధనం వాడుకుంటే భర్త తిరిగి ఇవ్వక్కర్లేదు. మిగతా ఏ కారణానికి తీసుకున్నా తిరిగి ఇవ్వాలి.

పెన్నేటి ఎండ (ధర్మవరం)

కరువులో అయితే తిరిగి ఇయ్యక్కర్లేదంట! సార్, అనంతపురంలో కరువు ల్యాని ఏడు యాడుంది? 1876 నాటి ధాత కరువు నుంచి ఇప్పటిదాకా లెక్క తీస్తే ఈ జిల్లాలో ఏ మొగుడూ ఏ పెళ్ళానికీ గొలుసు తిరిగి ఇయ్యాల్సిన పనే ల్యా.

నల్లకోటు (కర్నూలు)

ఇది మా బార్ అసోసియేషన్‌లో చెప్తా మేడమ్. 1985లో సుప్రీంకోర్టు స్త్రీధనం భార్య సొంతం, భర్త దగ్గర ఉన్నా అది నమ్మి అప్పజెప్పినట్టే, తిరిగి ఇవ్వకపోతే క్రిమినల్ కేసు అవుతుంది అని చెప్పింది. అదే తీర్పులో ఈ కరువు మినహాయింపు ప్రస్తావన కూడా వస్తుంది, మరీ ఆపదలో వాడుకోవచ్చు అని. బోరు ఆపదా కాదా అనేది ఎవరూ ఇంకా వాదించినట్టు లేరు.

ఒకటి చెప్పి ఆపుతా. పాత లా పోయింది అనుకోకండి. 1956 చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లలు, భర్త లేని ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే ఆమె సొంత సంపాదన ముందు భర్త వారసులకి పోతుంది, తల్లిదండ్రులు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రం నాయన వారసులకి పోతుంది. 2009లో సుప్రీంకోర్టుకి ఒక కేసు వచ్చింది, పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయాడు, అత్తారింటివాళ్ళు వెళ్ళగొట్టారు, పుట్టింటివాళ్ళు చదివించారు, ఆమె ఉద్యోగం చేసి సంపాదించుకుంది. ఆమె పోయినాక ఆ డబ్బంతా వెళ్ళగొట్టినవాళ్ళకే పోయింది, చట్టం అట్లా ఉంది మేమేం చేయలేం అన్నారు.

రిటైర్డ్ పంతులు (అనంతపురం)

ఇది మనువు 9.196, 197 కదమ్మా. బ్రాహ్మం లాంటి మంచి పద్ధతుల్లో పెళ్ళయితే సంతానం లేని ఆమె ధనం భర్తకి, ఆసురం (డబ్బిచ్చి పిల్లని తెచ్చుకునేది) లాంటి వాటిలో అయితే తల్లిదండ్రులకి. ఆయన కనీసం పెళ్ళి ఎట్లా జరిగిందో అడిగాడు, మీ 15వ సెక్షన్ అదీ అడగట్లేదు.

పెన్నేటి ఎండ (ధర్మవరం)

వీలునామా రాయాలంటే స్టాంపు పేపర్ కావాల్నా మేడమ్? ఖర్చెంత అయితాది?

నల్లకోటు (కర్నూలు)

స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసుకోవచ్చు. మీరు సంతకం పెట్టడం ఇద్దరు సాక్షులు చూడాలి, వాళ్ళూ మీ ముందు సంతకాలు పెట్టాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్ళని సాక్షిగా పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే తర్వాత తగాదా తక్కువ. సర్వే నంబర్లు, బ్యాంకు ఖాతాలు, బంగారం ఎన్ని తులాలో అన్నీ విడివిడిగా రాయండి, తాకట్టులో ఉంటే ఏ బ్యాంకులో ఉందో కూడా.